ఘాట్ ఎక్కని ఫియట్

మొన్న ఒక ఉదయం కరీంనగర్‌లో నా షెడ్డు షట్టర్ ఎత్తుతుండగా రోడ్డు మీద ఒక పాత ఫియట్ పోయింది. కారును నేను చూడలేదు, చప్పుడే విన్నాను. కుట్టుమిషన్ నడిచినట్టు సన్నటి టకటక. ఇంజనులో ఏదో ఒక వాల్వు వదులైనప్పుడు వచ్చే చప్పుడది. ఆటోల మోతలో కలిసిపోయేదాకా దాన్ని వింటూ షట్టర్‌ను సగంలోనే పట్టుకుని నిలబడ్డాను. ఇంకొక మెకానిక్ అయితే పాపం, టప్పెట్లు సరిచేయించుకోవాలి అనుకుని తన పనిలో పడేవాడు. నాకు మాత్రం వేరే ప్రశ్నలు లేచాయి. ఆ ఇంజను మీద ఉన్న హెడ్డు దానిదేనా? లోపల తిరుగుతున్న క్యామ్ మొదటి నుంచీ ఉన్నదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా? మారిస్తే ఆ సంగతి బండి గలవాళ్లకు తెలుసా? నేను పుట్టుకతో అనుమానపు మనిషిని కాను. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినవాణ్ణి, ఎవరేం చెప్పినా నమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ గుణం నాకు అంటించి పోయిన మనిషి సుగుణ సిస్టర్.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. సన్నగా, నిటారుగా ఉండేది. తెల్లబడ్డ జుట్టును బిగించి ముడి వేసుకుని, చేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం పెట్టుకునేది. నిర్మల్ వైపు సర్కారు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక కరీంనగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కతే ఉండేది. భర్త దేవదానం గారు గోదావరి ఒడ్డున బొగ్గుగనిలో సర్వేయరు. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆమె నా షెడ్డుకు వచ్చిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టిన ఫియట్, దాని స్టీరింగ్ ముందు ఈ ముసలామె. ట్రాక్టరు డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ కిటికీలోంచి తల బయట పెట్టి వాణ్ణి తిడుతోంది.

"నీ పేరేనా శంకర్?" అని అడిగింది దిగుతూనే.

"అవునమ్మా."

"మెట్‌పల్లి గంగారాం దగ్గర పని నేర్సుకున్నవంట గదా?"

"అవును, మా ఉస్తాదే."

"తెలిసే వచ్చిన," అంది.

ఉస్తాద్ పేరు విని వచ్చిందని పొంగిపోయాను. మా వైపు పాత ఫియట్ ఇంజను విప్పాలంటే గంగారాం ఉస్తాద్ తర్వాతే ఎవరైనా. ఆయన దగ్గర పెరిగిన చేయి అంటే మాకు అదొక సర్టిఫికెట్. కానీ ఆమె ఆ పేరును ఏ ఉద్దేశంతో పలికిందో తెలియడానికి ఎక్కువ సేపు పట్టలేదు. నేను పానా చేతిలోకి తీసుకోగానే లోపలున్న కుర్చీని తనే లాక్కొచ్చి బానెట్ పక్కన వేసుకుని కూర్చుంది.

"నేను గిక్కడనే కూసుంట. ఏది ఇప్పినా నా ముంగటనే ఇప్పు. నేను లేనప్పుడు చెయ్యి పెట్టకు."

సంచిలోంచి దవాఖానాలో వాడే తెల్ల ప్లాస్టర్ చుట్ట, ఒక పెన్ను తీసింది. నేను కార్బురేటర్ విప్పి కింద పెట్టగానే దాని మీద ఒక ప్లాస్టర్ ముక్క అంటించి, సగం లోహం మీద సగం ప్లాస్టర్ మీద పడేటట్టు సంతకం చేసింది. డిస్ట్రిబ్యూటర్‌కూ అంతే, మానిఫోల్డ్‌కూ అంతే. చుట్టుపక్కల షెడ్ల వాళ్లు వచ్చి చూసి నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సిస్టరమ్మా, నన్ను దొంగోడు అనుకుంటున్నరా మీరు?" అన్నాను.

ఆమె సంతకం పూర్తి చేసి తలెత్తింది. "అనుకుంటలేను. కాదని కూడ అనుకుంటలేను. నాకింక తెల్వదు. తెలిసినంక చెప్త."

ఆ మాటకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ గొంతులో ఎగతాళి లేదు. ఒక రోగి గురించి మాట్లాడినట్టు ఉంది. మధ్యాహ్నం టీ తాగుతూ తన సంగతి చెప్పింది. ఆ ఫియట్ ఆమె తన జీతంతో, తన పేరు మీద కొనుక్కున్న కారు. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే దారిలో ఘాట్ ఉంటుంది, వంకర తిరుగుతూ ఎక్కే కొండ దారి. దాని అవతల నేరడిగొండ, ఇచ్చోడ వైపు ఊళ్లలో ఎవరికి కష్టమైన కాన్పు వచ్చినా ఆమెకు కబురు వచ్చేది. సర్కారు జీపు ఉంటే డ్రైవరు ఉండడు, డ్రైవరు ఉంటే డీజిలు ఉండదు. ఆమె తన కారులోనే ఒక్కతే ఘాట్ ఎక్కి పోయేది. దేవదానం గారు వారమంతా గని దగ్గరే ఉండి సెలవురోజున నిర్మల్ వచ్చేవారు. ఒకసారి ఇంజను పొగ ఎక్కువ వదులుతోందని ఆయనే కారును మెట్‌పల్లిలో గంగారాం దగ్గర దించి, పనయ్యాక తెచ్చిచ్చారు. అంతే, ఆ రిపేరు తర్వాత అది వేరే బండి అయిపోయింది. ఊళ్లో బాగానే తిరిగేది. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి రొప్పుతూ రొప్పుతూ సగం దారిలో ఆగిపోయేది.

"ఏదో మార్చిండు," అంది గ్లాసు కింద పెట్టి. "మంచి సామాను తీసుకొని పనికిరాంది పెట్టిండు నీ ఉస్తాద్. మా ఆయనను అడిగితే, బండి ముసల్దయింది సుగుణా అనేటోడు. నాకు తెల్వదా? నిన్నటిదాక ఉరికిన గుర్రం ఒక్క రోజుల ముసల్దైతదా?"

మా ఉస్తాద్ అట్లాంటివాడు కాదని గట్టిగానే అన్నాను. "నువ్వు చూసినవా, అనుకుంటున్నవా?" అని అడిగింది. నేను ఆయన దగ్గర చేరింది ఈ రిపేరు జరిగిన తర్వాత. చూడలేదు. ఆ మాటే చెప్పాను. "మరి ఇప్పు," అంది.

మరునాడు హెడ్డు లేపాను. ఇక్కడ తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఇంజను కింది భాగంలో క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతుంటుంది. దాని మీద గుడ్డు ఆకారంలో గుబ్బలుంటాయి. పైన మూతలాగా బిగించి ఉండేది హెడ్డు. అందులో వాల్వులుంటాయి. కింద గుబ్బ తిరిగి పైకి వచ్చినప్పుడల్లా సన్నటి కడ్డీ ఒకటి లేచి, పైన వాల్వు తెరుచుకుంటుంది. గుబ్బ ఎంత ఎత్తుంటే వాల్వు అంత లోతుకు దిగుతుంది. అందుకని క్యామ్‌కూ హెడ్డుకూ పొత్తు కుదరాలి. ఒకదాని ఎత్తు, ఇంకొకదాని వెడల్పు, స్ప్రింగుల బలం అన్నీ ఒకదానికొకటి తెలిసినట్టు ఉండాలి. పైకి ఒకేలా కనిపించే హెడ్లు రెండు మూడు రకాలు ఉంటాయి. బోల్టుల రంధ్రాలు సరిపోయాయి కదా అని ఏదంటే అది బిగిస్తే ఇంజను నడుస్తుంది. ఎట్లా నడుస్తుందన్నదే వేరే సంగతి.

హెడ్డు కింద ఉండాల్సింది ఒక్క గాస్కెట్. అక్కడ రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి. అంటే లోపల మంట మండే గది కావాలని పెద్దది చేశారు. గాలి సరిగ్గా నొక్కుకోదు, బలం రాదు. హెడ్డు తిప్పి చూస్తే చిన్న వాల్వులు, ఇరుకు దారులు. ఏదో తక్కువ శక్తి ఇంజనుది. కింద క్యామ్ మాత్రం గట్టి రకం, ఎత్తైన గుబ్బలది. ఆ గుబ్బలు ఎత్తే ఎత్తుకు ఈ స్ప్రింగులు చాలక చుట్టకు చుట్ట తగిలేదాకా నొక్కుకుపోయేవి. ఆ బరువుకు రెండు గుబ్బలు నెత్తి మీద అరిగి చదునయ్యాయి. ఇదంతా ఆమెకు చూపించాను. ఆమె హెడ్డు పక్క భాగాన్ని పెట్రోలుతో కడగమంది. కడిగాను. అద్దాలు పెట్టుకుని వేలితో తడుముతూ చాలాసేపు వెతికింది.

"లేదు," అంది.

"ఏంది లేనిది?"

"రిపేరుకు ఇచ్చే ముందర నేను గీ పక్కన ఆపరేషన్ బ్లేడుతోని కూడిక గుర్తు గీసిన. ఇది నాది కాదు."

అన్నేళ్ల అనుమానం నిజమని తేలిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆ రోజు చూశాను. అందులో గెలుపు ఏమీ లేదు. అలసిపోయి కుర్చీలో కూలబడింది. నేనేమో ఆ రెండు గాస్కెట్ల అంచులు చూస్తున్నాను. రెండింటి మధ్య సన్నటి నూలు దారం చుట్టి, లక్కతో అంటించి ఉంది. నూనె చెమ్మ బయటికి రాకుండా అట్లా దారం వేసే చేయి మా వైపు ఒక్కటే. నేను పని నేర్చుకునే రోజుల్లో ఆ నూలు మా మగ్గాల దగ్గరి నుంచే పట్టుకుపోయేవాణ్ణి.

"నీ మొఖం మారింది," అంది ఆమె. "నీకేదో ఎరుకైంది. చెప్పు."

"ఇది మా ఉస్తాద్ చెయ్యే," అన్నాను.

ఆ సాయంత్రమంతా నాకు మనసు మనసులో లేదు. అన్నం పెట్టి పని నేర్పిన మనిషిని దొంగ అనుకోవాలా? కానీ ఎంత ఆలోచించినా ఒక చిక్కు విడిపోలేదు. మంచి హెడ్డు కాజేసినవాడు దొరకకూడదని చూస్తాడు. బండి బాగా నడిచేటట్టు చేసి పంపుతాడు. ఇక్కడ రెండో గాస్కెట్ వేయడానికి అవసరమే లేదు. అది వేసింది బలం ఇంకా తగ్గించడానికే. పైగా ఎంత ఓపికగా, ఎంత శుభ్రంగా వేశారు! దొంగతనంలో ఆ శ్రద్ధ ఉండదు. ఎవరో కూర్చుని, పనిగట్టుకుని, ఆ ఇంజను ఊళ్లో తిరిగేంత, ఘాట్ ఎక్కలేనంత బలహీనం చేశారు. పొద్దున ఆమెకు ఈ మాట చెప్తే నన్ను వెనకేసుకొచ్చేవాడిలా చూసింది. "నీ ఉస్తాద్‌ను కాపాడుతున్నవా?" అంది. "కాదమ్మా. నాకూ తెల్వాలె," అన్నాను. గంగారాం ఉస్తాద్ అప్పటికి పని మానేసి భైంసాలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇద్దరం బస్సెక్కాం. మెట్‌పల్లి మీదుగా పోతున్నప్పుడు పాత షెడ్డు ఉన్న చోట ఇప్పుడున్న మొబైళ్ల దుకాణాన్ని చూపించాను. ఆమె అటు చూసి, నా వైపు చూసి, ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది. దాంట్లో ఆ గాస్కెట్ల జత ఉంది.

భైంసాలో పత్తి లారీలు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. గాలిలో తెల్లటి పీచు ఎగురుతోంది. ఉస్తాద్ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. కళ్లకు పొరలు కమ్మాయి. నా గొంతు పోల్చి, "శంకర్ వచ్చినవా బేటా! ఎవరు పక్కకు?" అన్నాడు. ఆమె పేరు చెప్పకుండా గాస్కెట్లను ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని తిప్పాడు, అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. వేలు దారం దగ్గర ఆగింది.

"నిర్మల్ సిస్టర్‌దీ బండి," అన్నాడు నెమ్మదిగా. "బాయీ, నువ్వేనా వచ్చింది?"

"నేనే. నా హెడ్డు ఎవరికిచ్చినవ్?"

"నీ మనిషికే ఇచ్చిన."

ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఉస్తాద్ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. దేవదానం గారు కారు దించిన మరునాడు మళ్లీ ఒక్కరే వచ్చారట. పొగ సంగతి చూడు, దానితోపాటు ఇంకొక పని చెయ్యి అన్నారట. బండి ఊళ్లో నడవాలి, ఘాట్ మాత్రం ఎక్కకూడదు.

"నేను చెయ్యనన్న బాయీ. మంచిగున్న ఇంజన్‌ను ఖరాబు చేసుడు మా పని కాదన్న. ఆయన పోలే. పొద్దుగూకే దాక గాడనే స్టూల్ మీద కూసున్నడు. నాకు నిద్ర పడ్తలేదు గంగారాం, ఆమె ఒక్కతే గా ఘాట్ మీద పోతుంటది, నేను గని కాడ ఉంట అన్నడు. నేను అడిగిన. భయమా సారూ, అనుమానమా అని."

"ఏమన్నడు?" అంది ఆమె.

"ఏమనలే. జవాబు చెప్పలే. నాకూ ఆడిబిడ్డలున్నరు. భయమే అనుకున్న. వేరే హెడ్డు ఎక్కించిన. నీ హెడ్డును గోనెసంచిల కట్టియ్యమన్నడు, కట్టిచ్చిన."

"బండి ఎవరిది?"

"నీదే."

"మరి నన్నెందుకు అడగలే?"

ఆమె గొంతు పెంచలేదు. ఒక వానాకాలం సంగతి చెప్పింది. ఆగి ఆగి ఎట్లాగో ఘాట్ ఎక్కి ఇచ్చోడ దగ్గరి పల్లెకు పోయి, బిడ్డ అడ్డం తిరిగిన ఒక తల్లిని నిర్మల్ దవాఖానాకు తీసుకొస్తోంది. ఆ వైపు నుంచి వచ్చేటప్పుడు కూడా ఘాట్ మీద దిగుడే కాదు, చిన్న చిన్న ఎక్కుళ్లూ ఉంటాయి. అట్లాంటి ఒక ఎక్కుడులో కారు ఆగిపోయింది. పట్టపగలే, ధారగా వాన, దారిలో ఒక్క బండి లేదు. వెనక సీటులోనే కాన్పు చేసింది. "ఇద్దరు బతికిన్రు. దేవుని దయ అనుకున్న. ఆ తల్లికి ఏమన్న అయితే? గప్పుడు నేను తిట్టింది నిన్ను. ఎన్నేండ్లు తిట్టిన్నో," అంది. "నాకు తెల్వది బాయీ, నాకు తెల్వది," అని ఉస్తాద్ రెండు మూడుసార్లు అన్నాడు. లేచేటప్పుడు ఆమె ఆయన తలపాగాను కింద పడకుండా మంచం మీద సర్దింది. క్షమించానని మాత్రం అనలేదు.

తిరుగు బస్సు నిర్మల్ దాటింది. ఆమె కిటికీ వైపు చూస్తూనే అంది: "సూది ఇచ్చే ముందర సీసా మీద చదువుడు నాకు అలవాటు. ఎవరు చేతికిచ్చినా చదివేదాన్ని. డాక్టర్ ఇచ్చినా సరే. ఇంట్ల ఉన్న సీసానే చదవలే." కాసేపటికి నా వైపు తిరిగింది. "అటక మీద ఒక గోనె మూట ఉంది. గని సామాన్లనుకున్న."

మరునాడు వాళ్లింటికి పోయాను. నిచ్చెన ఎక్కి మూట దించాను. నాలుగు మడతల గుడ్డ, దాని లోపల నూనె కాగితం, దాని లోపల హెడ్డు. వాల్వులకు, స్ప్రింగులకు మందంగా గ్రీసు పూసి ఉంది. ఏళ్లకు అది పసుపుపచ్చగా గట్టిపడింది కానీ ఎక్కడా తుప్పు చుక్క లేదు. పక్క భాగం తుడిచాను. అల్యూమినియం మీద సన్నగా కూడిక గుర్తు. ఆమె ఆ గుర్తు మీద వేలు పెట్టి తీయలేదు.

"చూసిన్రా సిస్టరమ్మా, ఎంత మంచిగ దాచిపెట్టిండో. మళ్ల ఎప్పుడన్న పెట్టిద్దామనే అనుకున్నడు సారు," అన్నాను. ఆమెకు ఊరట కలిగించాలని అన్నాను. నాకూ ఊరట కావాల్సి ఉంది.

"గ్రీసు పూసిండు. అది నాకు కనిపిస్తుంది," అంది. "ఎందుకు పూసిండో నాకు కనిపిస్తలేదు. నీకు కనిపిస్తుందా?"

లేదన్నాను. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే, ఆమె దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క జవాబులోనే ఉందనిపిస్తుంది. కన్నీళ్లు వస్తున్నప్పుడు కూడా ఆమె తనకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీత చెరిపేయలేదు. భర్త మంచివాడని నమ్మి ఏడ్చి ఊరుకోవచ్చు, చెడ్డవాడని నమ్మి తిట్టుకోవచ్చు. రెండూ సుఖమే. ఆమె రెండు సుఖాలనూ తీసుకోలేదు.

హెడ్డు దొరికింది కదా, బిగించేద్దాం అన్నాను. ఒప్పుకోలేదు. "దీంతోని ఉన్న క్యామ్ అరిగింది అన్నవు. మరి దీనికి జోడీ ఏది?" నిజమే. అరిగిన క్యామ్ మీద మంచి హెడ్డు పెడితే మళ్లీ అదే కథ. హైదరాబాద్ నుంచి ఒక కొత్త క్యామ్ తెప్పించాను. డబ్బా మీద నంబరు సరిగ్గా ఉంది. ఆ రోజుల్లో నంబరు సరిపోతే నాకు చాలు. ఆమె డబ్బాను పక్కకు పెట్టింది. "ఇది డబ్బా మాట. క్యామ్ ఏమంటుందో చూడు." విసుక్కుంటూనే డయల్ గేజ్ పెట్టి ఒక్కొక్క గుబ్బ ఎత్తు కొలిచాను. పాతదాంట్లో అరగని గుబ్బలతో పోలిస్తే కొత్తదానివి పొట్టిగా ఉన్నాయి. డబ్బా ఒకటి, లోపల సరుకు ఒకటి. ఎక్కడో ఎవరో మార్చి పెట్టారు, లేదా పొరపాటు పడ్డారు. అది మాకు తెలియదు. తిప్పి పంపాను. అంతకు ముందు ఎన్ని ఇంజన్లకు ఇట్లా డబ్బా మాట విని బిగించానో అని ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. తర్వాత వచ్చింది కూడా ఆమె ముందే కొలిచాం. అది సరిపోయింది. కొత్త క్యామ్‌కు, గుబ్బల మీద ఆనుకుని కడ్డీలను లేపే టప్పెట్లు కూడా కొత్తవే వేశాం. పాతవి వేస్తే కొత్త గుబ్బలను తినేస్తాయి.

అయినా ఆమెకు తృప్తి కలగలేదు. ఎత్తైన గుబ్బ, పెద్ద వాల్వు, పైకొచ్చే పిస్టన్. వాల్వూ పిస్టనూ లోపల ఎక్కడైనా తగిలితే? మూత వేశాక ఎట్లా కనిపిస్తుంది? దానికొక పాత పద్ధతి ఉంది. గోధుమపిండి గట్టిగా కలిపి, నూనె రాసి, పిస్టన్ నెత్తి మీద బిళ్లలాగా అద్ది, హెడ్డు బిగించి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పాలి. మళ్లీ విప్పితే వాల్వు దిగినచోట పిండిలో గుంట పడి ఉంటుంది. గుంట అడుగున మిగిలిన పిండి ఎంత మందం ఉంటే మధ్యలో అంత ఖాళీ ఉన్నట్టు. పిండి ఆమే కలుపుకొచ్చింది. నేను తిప్పుతుంటే చెవి దగ్గరగా పెట్టి వింది. విప్పాక సంచిలోంచి ఆపరేషన్ బ్లేడు తీసి తనే ఆ బిళ్లను నిట్టనిలువుగా కోసింది.

"ఉందా జాగ?"

"మస్తుంది సిస్టరమ్మా."

"మస్తు అంటే ఎంత? నోటితోని కాదు, చూపియ్యి."

కొలిచి చూపించాను. అప్పుడు, మొదటిసారి, ఆ షెడ్డులో ఆమె నవ్వడం చూశాను. సామాన్ల మీద ప్లాస్టర్ ముక్కలన్నీ తనే పీకేసింది. పీకుతూ నా వైపు చూడకుండా, "శంకర్, నువ్వు దొంగోనివి కాదు. ఇప్పుడు తెలిసింది," అంది. పక్క షెడ్ల వాళ్లు వినేటట్టే అంది.

కొత్త సామాను ఒకదానికొకటి అలవాటు పడేదాకా కొన్నాళ్లు ఊళ్లోనే తిప్పించి, తర్వాత ఘాట్‌కు పోయాం. ఆమె నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. స్టీరింగ్ పక్కనే ఉండే గేరు కడ్డీని ఆ సన్నటి చేయి ఎంత చులాగ్గా వేసేదో! మొదటి మలుపు దగ్గర ఆమె పెదాలు బిగుసుకున్నాయి. ఇంజను రొప్పలేదు. రెండో గేరులో గొంతు దించి, కొండను పట్టుకుని ఎక్కుతూనే ఉంది. టేకు చెట్లు కిందికి జారిపోయాయి. నాకు ఈలవేయాలనిపించింది కానీ ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. పైకెక్కాక కారును పక్కకు ఆపి, దిగి, కాసేపు లోయ వైపు నిలబడింది.

"ఆయన ఉంటే ఒకటే అడిగేదాన్ని," అంది. "భయమైతే భయమని నాకు చెప్పొచ్చు. అనుమానమైతే నన్ను అడగొచ్చు. మనిషిని నేను ఇంట్లనే ఉన్న గదా. ఇంజన్‌కు ఎందుకు చెప్పుకున్నడు?"

తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. తర్వాత కొన్నేళ్లు ఆ కారును ఆమే నడుపుకుంది. ఉస్తాద్ పోయినప్పుడు దానిలోనే భైంసా వచ్చి, దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె కూడా చనిపోయింది. చివరి దాకా ఆమెకు దేవదానం గారి సంగతి తేలలేదు. తేలినట్టు నటించనూ లేదు.

నా షెడ్డులో ఇప్పుడు ఏ సామాను వచ్చినా డబ్బా చూడను, కొలుస్తాను. కానీ ఆమె నాకు వదిలివెళ్లింది అది ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాను. ఈ మధ్య మా అమ్మాయికి హుజూరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. బస్సులు కుదరవని స్కూటీ మీద పోయి వస్తానంది. లారీలు తిరిగే రోడ్డు. నేను వద్దనలేదు. బండి ఒకసారి చూసి ఇస్తానని షెడ్డుకు తెచ్చుకున్నాను. మెకానిక్‌కు అదెంత పని? యాక్సిలరేటర్ తీగ దగ్గర చిన్న అడ్డు పెడితే బండి ఒక వేగం దాటదు. పిల్లకు తెలియను కూడా తెలియదు, కొత్త బండి ఇంతే అనుకుంటుంది. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు నన్ను నేను అడిగాను, భయమా, అనుమానమా అని. భయమే అని వెంటనే చెప్పుకున్నాను. కానీ కొంచెం ఆగి చూస్తే, ఎక్కడికి పోతుందో, ఎవరితో పోతుందో అనే ఒక సన్నటి దారం కూడా ఆ భయానికి చుట్టుకుని ఉంది. అది నాకు కనిపించింది. కనిపించాక చేయి ఆడలేదు.

బ్రేకులు సరిచేసి, టైర్లలో గాలి చూసి బండి ఇంటికి తెచ్చాను. తాళంచెవి అమ్మాయి చేతిలో పెట్టి, "నువ్వు గా రోడ్డు మీద పోతుంటే నాకు భయమైతుంది బిడ్డా," అన్నాను. మా ఇంట్లో మగవాళ్లు అట్లాంటి మాట నోటితో అనగా నేనెప్పుడూ వినలేదు. పిల్ల ఆశ్చర్యంగా చూసింది. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "నాకు గూడ భయమే బాపూ," అంది. "మొదటి రోజు నువ్వు ఎనుక కూసుంటవా?"

కూర్చున్నాను. బండి తనే నడిపింది.